ఉప్పు లేని నీళ్ళు

చెవులు రెండూ నీళ్ళలో మునిగేసరికి లోకం ఒక్కసారిగా ఆగిపోయింది. ఒడ్డున మొగుడి కేకలు ఆగిపోయాయి, కాలనీ ఆడవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి, బస్సు డ్రైవరు పొద్దుట్నించీ మోగిస్తున్న పాటలు ఆగిపోయాయి. ఇప్పుడు వినిపిస్తున్నదల్లా ఎక్కడో లోపల, ఖాళీ బానలో చెవి పెట్టినట్టు, బొయ్యిమని ఒక చప్పుడు. అది చెరువు చప్పుడో తన గుండె చప్పుడో గురువమ్మకి తెలియలేదు. మెడ కర్రలా బిగుసుకుపోయింది. కాళ్ళు కిందికి పోతామంటున్నాయి. వీపు కింద కూతురు అమ్మణ్ణి అరచెయ్యి ఉంది, ఒక్క అరచెయ్యి, అంతే. ఇంత ఒళ్ళు, చేపల గంప మోసి మోసి గట్టిపడ్డ ఈ ఒళ్ళు, ఆ కాస్త చేతిమీద ఎలా ఆగుతోందో అర్థం కాలేదు. పైన ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. ఆకాశంలో ఒక తెల్ల మబ్బు, దూది ఏకి వదిలేసినట్టు, ఎటూ పోకుండా అక్కడే ఉంది. పుట్టి ఇన్నేళ్ళొచ్చినా తను ఆకాశాన్ని ఎప్పుడు చూసినా పడవలు ఇవాళ దిగొచ్చా దిగకూడదా అని చూసిందే తప్ప, ఇలా, ఊరికే, అడిగేదేమీ లేకుండా, వెల్లకిలా పడుకుని చూసింది లేదు. ముక్కుకొస మీద ఎండ వెచ్చగా ఉంది. వీపు చల్లగా ఉంది. రెండూ ఒకేసారి ఇంత బాగుంటాయని ఎవరూ చెప్పలేదు.

అమ్మణ్ణి పెదాలు కదులుతున్నాయి. గురువమ్మ తల కొంచెం పైకెత్తింది, మాట వినపడింది.

"మెడ ఒగ్గీయమ్మా. బిగపట్టకు. నీల్లు ఆటి పని అయ్యి సేసుకుంటాయి."

"నాను మునిగిపోతే?"

"మునిగితే నిలబడు. నీ గుండెల్లోతే ఉన్నాది."

నిజమే, గుండెల్లోతే. దిగినప్పుడు తనే కాలివేళ్ళతో తడుముకుంటూ దిగింది, మెత్తటి ఇసక, మధ్యమధ్య గుండ్రటి రాళ్ళు. కానీ వెల్లకిలా పడుకున్న మనిషికి కాళ్ళ కింద నేల ఉందని ఎలా గుర్తుంటుంది? మళ్ళీ తల వెనక్కి వాల్చింది. మళ్ళీ అంతా ఆగిపోయింది. అయినా ఈ నీళ్ళలోకి దిగడానికి రాలేదు తను. ఈ పిల్లని తీసుకుపోదామని వచ్చింది. ఆ మాట పొద్దున బస్సెక్కినప్పట్నించీ నాలిక మీదే ఉంది, ఆస్కా దాకా ఉంది, భంజనగర్లో టీ తాగడానికి ఆగినప్పుడూ ఉంది, భంజనగర్ దాటి కొండదారి పట్టాక మలుపు మలుపుకీ పక్క సీట్లో ముత్యాలమ్మ కిటికీలోంచి కక్కుతుంటే ఆవిడ వీపు రాస్తూ కూడా ఆ మాటే లోపల తిప్పుకుంది. బట్టలు సర్దుకో, ఎల్దుం. ఇంతే. ఇంత చిన్న మాట. మరిది జగ్గన్న బరంపురంలో పట్టుచీరల కొట్టు వాళ్ళతో మాట్లాడాడు, వచ్చే సోమవారం నించి రమ్మన్నారు, ఫ్యాను కింద నిలబడి చీరలు విప్పి చూపించే పని, కాలు తడవదు, జుట్టు తడవదు, పొద్దుపోయేలోగా ఇంటికి బస్సు. తను అడిగితేనే అతను ఆ పని చూశాడు. ఈ సంగతి కూతురికి చెప్పమంటే మొగుడు కాశయ్య కిటికీలోంచి కొండల్ని చూస్తూ, "నాను సెప్పను. నువ్వే సెప్పుకో. ఆ గుంటకి నా పోలికే వచ్చినాది, నాను సెప్తే నన్నే అడుగుతాది," అన్నాడు. ఏం అడుగుతుందో అతనూ చెప్పలేదు, తనూ అడగలేదు.

ఏడాదికోసారి కాలనీ ఆడవాళ్ళు చలికాలంలో భోజికి, అంటే వనభోజనాలకి, పోతారు. ఒకరు బియ్యం, ఒకరు పప్పు, ఒకరు నూనె. ఈసారి ఎక్కడికి అంటే ఎవరో గోపాలపూర్ అన్నారు. దానికి ముత్యాలమ్మ చెయ్యి ఊపేసింది. "సవుద్రం ఒడ్డున పుట్టినోల్లకి సవుద్రం ఒడ్డుకి పిక్నిక్కేటే? కొండల్లోకి ఎల్దుం." అప్పుడు గురువమ్మ, ఏమీ ఎరగనట్టు, మా అమ్మణ్ణి పనిచేసే చెరువు ఉంది కదా అంది. దహ అంటారు దాన్ని అక్కడి ఒడియావాళ్ళు. అందరూ సరేనన్నారు. కూతుర్ని చూడొచ్చని కాశయ్యా వాళ్ళతో బస్సెక్కాడు. గుగ్గిలం చెట్ల మధ్యనించి బస్సు ఆఖరి మలుపు తిరిగాక ఆ నీళ్ళు కనపడ్డాయి, చుట్టూ కొండలు, కొండల నడుమ పచ్చగా, గీత గీసినట్టు కదలకుండా. బస్సంతా అరిచింది. కాశయ్య నోరు తెరుచుకుని లేచి నిలబడ్డాడు. "ఇంతెత్తుకి ఇన్ని నీల్లు ఎవులు మోసినారే?" అన్నాడు. అందరూ నవ్వారు. గురువమ్మ మాత్రం కళ్ళు మూసుకుంది. నీళ్ళంటే నీళ్ళే. కొండమీదున్నా, కిందున్నా.

కానీ ఇవి అరవవు. అదీ వింత. సముద్రం ఒడ్డు పొడంపేటలో పుట్టిన మనిషికి అరవని నీళ్ళుంటాయని తెలియదు. అక్కడ నీళ్ళు లేచిన దగ్గర్నించీ అరుస్తూనే ఉంటాయి, పెళ్ళిలో అరుస్తాయి, చావులో అరుస్తాయి, పక్కవాళ్ళతో దెబ్బలాడుకోవాలంటే వాటికంటే గట్టిగా అరవాలి, అందుకే ఆస్కా సంతలో గంప దించినప్పుడు కొనేవాళ్ళు చెవులు మూసుకుని, ఓ నోళియాణీ, ఓ చేపలమ్మా, మేము దగ్గరే ఉన్నాం అనేవాళ్ళు. ఆ అరిచే నీళ్ళు మొదట కొబ్బరిచెట్లు తీసుకున్నాయి, తర్వాత వలలు ఆరేసుకునే జాగా, తర్వాత ఒక వరస ఇళ్ళు, ఆ తర్వాత తన వంటగది గోడ. గోడ పడిపోయిన రోజు పొయ్యి మీద చేపల పులుసు ఉంది, పొయ్యి పక్కనే సముద్రం ఉంది, కాశయ్య అన్నం కంచం పట్టుకుని సముద్రం కేసి తిరిగి, రా, నువ్వూ తిను అన్నాడు. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. ఇప్పుడు అందరూ వెనక్కి, కాలనీకి వచ్చేశారు, సిమెంటు ఇళ్ళు, నేరుగా వీధులు. తలుచుకుంటే చిత్రంగానే ఉంటుంది, అన్నేళ్ళు సముద్రం పక్కనే బతికి తను ఒక్కరోజూ నడుం దాటి నీళ్ళలోకి దిగలేదు. పడవ ఒడ్డుకొస్తే మోకాళ్ళలోతు పోవడం, తాడు పట్టుకుని లాగడం, గంప నింపుకోవడం, తిరిగి రావడం. ఆడది పడవెక్కితే వల ఒట్టిదైపోతుందని నాయనమ్మ చెప్పింది, నాయనమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పింది. తనకీ ఎక్కాలని లేకపోయింది. నీళ్ళు మగవాళ్ళవి. చేపలు ఆడవాళ్ళవి. ఇసక ఇద్దరిదీ.

మబ్బు కొంచెం జరిగింది. లేక తనే జరిగిందా? అమ్మణ్ణి నడుస్తోంది కాబోలు, నీళ్ళలో మెల్లగా, తల్లిని తెప్పలా తోసుకుంటూ. జుట్టు విడిపోయి మెడ చుట్టూ ఆడుతోంది, చేపపిల్లలు తిరుగుతున్నట్టు. చక్కిలిగిలి. నవ్వితే నోట్లోకి నీళ్ళు పోతాయని పెదాలు బిగించింది. మసేను ఇలాగే పడుకునేవాడు. తమ్ముడు. చంకనేసుకుని పెంచిన తమ్ముడు. అలలు దాటేసి లోపలికి పోయి, అక్కడ నీళ్ళు కాస్త సద్దుమణిగే చోట, మంచం మీద పడుకున్నట్టు చేతులు తలకింద పెట్టుకుని పడుకునేవాడు. ఒడ్డున తను గుండెలు బాదుకునేది. వాడు లోపల్నించి అరిచేవాడు. "అప్పా! నీల్లు మోస్తాయే! నువ్వు గంప మొయ్యనేదా, అలాగే!" తిరిగొచ్చాక చెవి మెలేస్తే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు, ఉప్పు తెల్లగా అతుక్కున్న కనురెప్పలతో. ఒకరోజు మంచి ఎండలో, మబ్బు మాటే లేని ఎండలో, గాలి ఉన్నట్టుండి తిరగబడింది. కాశయ్య, మసేను ఒకే పడవలో ఉన్నారు. పడవ బోల్తాపడిందని వెనకాల వచ్చినవాళ్ళు చెప్పారు. వెతికారు, వెతికారు, ఇక లేరన్నారు. ఊరంతా ఏడ్చింది. తర్వాత ఒక మధ్యాహ్నం ఇంటిముందు కూర్చుని శూన్యంలోకి చూస్తుంటే రోడ్డు వైపు నించి, సముద్రం వైపు నించి కాదు, రోడ్డు వైపు నించి, ఎవరిదో పూల చొక్కా, పొట్టి లుంగీ, చేతిలో సగం కొరికిన జామకాయతో కాశయ్య నడిచొచ్చాడు. డీజిలు డబ్బా పట్టుకుని తేలుతుంటే బారువ పడవవాళ్ళు తీసి ఒడ్డున పడేశారట, అక్కణ్ణించి బస్సు మీద వచ్చాడట, కండక్టరు టిక్కెట్టు అడిగితే సముద్రంలో పోయిందన్నాడట. మసేనేడీ అని అడిగింది. అతను తల దించుకున్నాడు. అప్పుడు ఏడవాలో నవ్వాలో తెలియక, చేతికందిన గంప తీసుకుని మొగుణ్ణి కొట్టింది, కొట్టి కొట్టి, ఆ గంప పక్కన పడేసి అతని మెడ పట్టుకుంది. కడుపులో అప్పటికి అమ్మణ్ణి. ఆ రోజే అనుకుంది, ఈ కడుపులోది ఏదైనా సరే, నీటి దగ్గరికి పోనివ్వనని. నీల్లు మోస్తాయే అన్నవాణ్ణి నీళ్ళు మొయ్యలేదని.

మొయ్యలేదని ఇన్నాళ్ళూ అనుకుంది. మరి ఇదేమిటి, ఇప్పుడు తనని మోస్తున్నది?

కూతురి చెయ్యి, ఇంకేమిటి. అరచెయ్యి వీపు మీద ఉన్నట్టే ఉంది, ఒక్కోసారి లేనట్టే ఉంది, మళ్ళీ వేళ్ళు తగులుతున్నాయి. ఆ వేళ్ళు చిన్నప్పుడు ఎంతుండేవి. రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ళ గుడ్లు పగిలే రోజుల్లో ఇసకంతా కదిలేది, బొటనవేలంత నల్లటి పిల్లలు, వేలకి వేలు, సముద్రం ఎటుందో తెలియక కొన్ని రోడ్డు దీపాల వైపు పాకిపోయేవి. ఊరి పిల్లలందరూ బకెట్లు పట్టుకుని వాటిని ఏరి నీళ్ళ దగ్గర వదిలేవాళ్ళు. మిగతా పిల్లలు అల వచ్చేచోట బకెట్టు బోర్లించి పరిగెత్తుకొచ్చేసేవాళ్ళు. అమ్మణ్ణి వాటితోపాటు లోపలికి పోయేది. మోకాళ్ళు, నడుం, గుండెలు. బకెట్టు నెత్తిమీద పెట్టుకుని, దూరంగా, కెరటం వెనక్కి కొట్టని చోట ఒక్కొక్కదాన్నే వదిలేది. ఒకసారి తను చూసి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి, చావగొట్టి, ఆ తర్వాత ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల వెక్కుతూ వెక్కుతూ, "అమ్మా, అయ్యి ఎవులికాడా నేర్సుకోనేదే. అలా పడేస్తే అలా ఈదేస్తన్నాయి," అంది. కళ్ళనిండా నీళ్ళు, ముఖంనిండా నవ్వు. దాన్ని ఏం చెయ్యాలి? పెద్దదయ్యాక తాబేళ్ళని కాపాడేవాళ్ళతో తిరిగింది, వాళ్ళు గోపాలపూర్లో ఈత నేర్పించారు, మునిగిపోయేవాళ్ళని పైకి తియ్యడం నేర్పించారు, చిన్న పడవలు నడపడం నేర్పించారు, ఒకరోజు కొండల్లో చెరువు దగ్గర పని దొరికిందని సంచి సర్దుకుంది. వద్దంది తను. తలుపు దగ్గర అడ్డంగా నిలబడింది. పిల్ల పక్కనించి, వల కింద నించి చేప జారినట్టు, జారిపోయింది. ఆ తర్వాత ఫోన్లో ఎప్పుడూ రెండే మాటలు. తిన్నావా? తిన్నాను.

పొద్దున మొదట చూసినప్పుడు గుర్తుపట్టలేదు. బస్సు దిగి అందరూ పొయ్యిరాళ్ళు ఏరుకుంటుంటే చెరువు అవతలి వైపు నించి ఒక ఎర్ర పడవ వచ్చింది. అందులో ఒక లావుపాటి బాబు, భార్య, వెనక తెడ్డేస్తూ ఒక పిల్ల, నారింజరంగు జాకెట్టు, నెత్తికి తువ్వాలు. బాబు రెండు చేతులా పడవ అంచు పట్టుకుని దేవుళ్ళందరినీ ఒడియాలో పిలుస్తున్నాడు. పిల్ల వంగి అతని చెవిలో ఏదో అంది. అతను ఒక చెయ్యి వదిలాడు. ఇంకేదో అంది. రెండో చెయ్యీ వదిలాడు. వదిలి, తన చేతుల్ని తనే చూసుకుని, పెళ్ళాం కేసి తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ పిల్ల తల వెనక్కి పడేసి ఇంకా గట్టిగా నవ్వింది, ఆ నవ్వు కొండకి తగిలి తిరిగి వచ్చింది, అప్పుడు తెలిసింది గురువమ్మకి అది ఎవరి గొంతో. ఇంట్లో ఉన్నప్పుడు ఎన్నడూ అంత నవ్వలేదు. బట్టలు సర్దుకో అన్న మాట ఆ క్షణాన నోట్లోంచి గొంతులోకి దిగింది. భోజనాల వేళకి కడుపులోకి దిగింది. కాశయ్య చెరువు చేప వేయించి, ఉప్పూ కారం ఎంతేసినా దీనికి రుచి రాదు, దీనికి సముద్రం తెలియదు పాపం అని తిడుతూనే నాలుగు ముక్కలు తిన్నాడు. అమ్మణ్ణి అందరికీ వడ్డించింది, తల్లికి చేప ముల్లు తీసి పెట్టింది. ఆకులు ఎత్తేశాక గురువమ్మే లేచింది.

"నీతో మాటాడాలే."

"నీల్లలోకి దిగి మాటాడు."

"నానా? నీల్లలోకా?"

"ఒడ్డున నువ్వు మాటాడితే నాకు బయ్యమమ్మా. నీల్లలో నీకు బయ్యం. సరికి సరి."

ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరూ గోల. దిగు వదినా, దిగు. నారింజ జాకెట్టు తెచ్చి తొడగబోతే గుండెల దగ్గర క్లిప్పు పట్టలేదు, అమ్మణ్ణి ఒక వైపు, ముత్యాలమ్మ ఒక వైపు లాగారు, క్లిప్పు టప్పున విడిపోయి ముత్యాలమ్మ ముక్కుకి తగిలింది. కాశయ్య దూరం నించి, "దానికి ఎందుకే జాకిట్టు, దాని కొవ్వే దాన్ని తేలుస్తాది," అన్నాడు. ఆ మాట మీద కోపంతో, సిగ్గుతో, చీర గోచీపోసి బిగించి దిగిపోయింది. మెడ వెనక ఎండ, పాదాల కింద ఇసక, కూతురి చెయ్యి పట్టుకుని. గుండెల్లోతుకి వచ్చేసరికి ఊపిరి పైపైన ఆడింది. "ఇక పడుకో," అంది అమ్మణ్ణి, మంచం వేసినట్టుగా.

ఇదిగో, పడుకుంది. మాట్లాడాలి ఇప్పుడు. తల ఎత్తకుండానే నోరు తెరిచింది. "అమ్మణ్ణీ, బరంపురంలో మీ జగ్గన్న బాబాయి..." దూరంగా ఏదో పడవ పోయింది కాబోలు, ఒక చిన్న కెరటం, సముద్రంలో దాన్ని కెరటం అని ఎవరూ అనరు, మెల్లగా వచ్చి మిగతా మాటల మీదుగా నోట్లోకి పోయింది. ఉక్కిరిబిక్కిరై, దగ్గి, ఉమ్మింది. కూతురు పట్టుకుంది. మళ్ళీ పడుకుంది. చెవుల నిండా ఆ బొయ్యిమనే చప్పుడు. మాట్లాడడానికి వీల్లేదు ఇక్కడ. ఏమీ చెయ్యడానికి వీల్లేదు. గంప లేదు, బేరం లేదు, ఎవరూ పిలవరు, పిలిచినా వినపడదు. ఎప్పుడైనా ఇలా ఉందా తను? పురిటిలో ఉందేమో. అప్పుడూ నొప్పులు. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో పడుకుని పేలు చూపించుకునేప్పుడు, అప్పుడు ఉంది, ఇలాగే తల బరువంతా ఇంకొకరికి ఇచ్చేసి. మెడలో ఏదో సడలింది. తాడు ముడి విప్పినట్టు, మెడ నించి భుజాలకి, భుజాల నించి నడుముకి. తుంటిలో ఎన్నేళ్ళుగానో ఉన్న సలుపు ఇప్పుడు లేదు. వెతికింది దాన్ని. లేదు. ఒలమ్మో, అనుకుంది. ఒళ్ళు బరువే లేదు. నెత్తిమీద గంప దించుకున్నప్పుడు ఒక్క క్షణం మనిషి పైకి లేచిపోతున్నట్టు ఉంటుందే, ఆ ఒక్క క్షణం ఇక్కడ అయిపోవడం లేదు, సాగుతూనే ఉంది. మసేనూ, నువ్వు సెప్పింది ఇదేనేట్రా. ఇందుకేనా లోపలికి పోయి పడుకునేవోడివి. నాను ఒడ్డున నిలబడి తిట్టేదాన్ని. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. వాడి పళ్ళన్నీ కనపడే నవ్వు మాత్రం వచ్చింది, వచ్చి తన ముఖం మీద కూర్చుంది.

కూతురి ముఖం కనపడింది పైన, ఆకాశానికీ తనకీ మధ్య, తలకిందులుగా. నీళ్ళ చుక్కలు గడ్డం నించి తన నుదుటి మీద పడుతున్నాయి. ఆ పిల్ల భయపడుతోంది. ఇప్పుడు తెలుస్తోంది. నవ్వుతోంది కానీ భయపడుతోంది, తను ఏం మాట్లాడుతుందోనని. లావుపాటి బాబు చెవిలో అంత ధైర్యం పోసిన పిల్ల. గురువమ్మ తల ఎత్తకుండానే, పెదాలు మాత్రం నీటిపైన ఉంచి, మెల్లగా అంది.

"సెయ్యి తియ్యి."

"ఏటి?"

"నీ సెయ్యి. తీసీ."

"మునిగిపోతావు. ఇంకాసేపాగు."

"మునిగితే నిలబడతానే. నువ్వే సెప్పినావు. తియ్యి."

అరచెయ్యి పోయింది. పోయిన చోట చల్లటి నీళ్ళు వచ్చి చేరాయి, ఆ చెయ్యి ఉన్నంత మేరా, వేలికి వేలుగా. ఒక క్షణం ఉంది. ఆ తర్వాత నడుం జారింది, కాళ్ళు కిందికి, ముఖం మీద నీళ్ళు మూసుకున్నాయి, ఆకాశం ముక్కలై పచ్చగా అయిపోయింది, నోరు తెరవకూడదనుకుంటూనే తెరిచింది, గుటకెడు నీళ్ళు లోపలికి పోయాయి. అయిపోయింది అనుకుంది. ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నది ఇదే కదా, గొంతులో ఉప్పు మండడం, ముక్కులో, కళ్ళలో, చివరికి ఊపిరంతా ఉప్పు. పాదం ఇసకకి తగిలింది. నిలబడింది. నీళ్ళు భుజాల మీదనించి కారిపోతుంటే, కళ్ళు మూసుకుని, మంట కోసం చూసింది. మంట లేదు. నాలికతో పెదాలు తడుముకుంది. ఉప్పు లేదు. ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయి. కడిగిన ఆకులాగా, కొత్తకుండలో నీళ్ళలాగా.

"అమ్మా! అమ్మా, బాగున్నావా?"

"తీపే," అంది గురువమ్మ.

"ఏటి తీపి?"

"నీల్లే! ఇయ్యి తీపి నీల్లే, గుంటా!" నవ్వు వచ్చింది. కడుపులోంచి వచ్చింది, ఆపుకుందామంటే ఆగలేదు, దగ్గూ నవ్వూ కలిసిపోయి, రెండు చేతులా నీళ్ళు తీసుకుని తాగింది, మళ్ళీ తాగింది, కూతురి ముఖాన కొట్టింది. మునిగిపోతే ఇదా! ఇంత మంచినీళ్ళలో మునగడమా! ఇన్నేళ్ళు దీనికా భయపడింది! కాదు, ఆ నీళ్ళు వేరు, అవి అలాగే ఉంటాయి, వాటి మీద కోపం వాటి మీదే ఉంటుంది. కానీ ఇవి ఇవి. అన్ని నీళ్ళూ ఒకటి కావు. ఈ పిల్ల ఉన్నది ఈ నీళ్ళలో. అమ్మణ్ణి మొదట బిత్తరపోయి చూసింది, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది, ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, నీళ్ళు మింగుతూ, ఎందుకు నవ్వుతున్నారో మర్చిపోయి నవ్వారు. ఒడ్డున ముత్యాలమ్మ, ఏటయ్యిందే, ఏటయ్యిందే అని అటూ ఇటూ పరిగెడుతోంది. గురువమ్మ వెనక్కి తిరిగి, ఎవరి చెయ్యీ అడక్కుండా, నేల మీద నించి పాదాలు ఎత్తేసి, పడుకుంది. ఈసారి మునగలేదు. తేలింది. చేతులు రెండు పక్కలకి వాటంతటవే విచ్చుకున్నాయి. కాలివేళ్ళు దూరంగా, వేరే ఎవరివో అన్నట్టు, నీటిపైన కనిపించాయి. పొట్ట ఊపిరితోపాటు పైకి, కిందికి. కొండలు చుట్టూ వంగి చూస్తున్నాయి. ఒక కొంగ తన మీదుగా ఎగిరిపోయింది, దాని పొట్ట తెల్లగా, అంత దగ్గరగా. ఎంతసేపు? తెలియదు. అమ్మణ్ణి కూడా పక్కన పడుకుని తేలుతోంది. ఇద్దరి మధ్యా వేళ్ళు ఒకసారి తగిలాయి, విడిపోయాయి, మళ్ళీ తగిలాయి.

బస్సు హారను నీళ్ళలో కూడా వినిపించింది. ఒడ్డుకి వచ్చేసరికి చీర బరువంతా ఒక్కసారిగా తిరిగొచ్చింది, ఇసక మీద కూలబడబోయింది. కాశయ్య తువ్వాలు తెచ్చి నెత్తిన కప్పి, తడి జుట్టు ఒత్తాడు. పొడి బట్ట కట్టుకుందువు రా అని అమ్మణ్ణి తను ఉండే రేకుల గదికి తీసుకెళ్ళింది. చిన్న గది. ఒక మంచం, ఒక కిటికీ, కిటికీలోంచి చెరువు. గోడకి మేకులున్నాయి, మేకులకి ఏమీ లేవు. మంచం మీద సంచి, జిప్పు లాగేసి, పైన దుప్పటి మడతపెట్టి, తాడుతో కట్టేసి ఉంది. గురువమ్మ ఆ సంచిని చూసింది. కూతురు కిటికీ వైపు తిరిగిపోయింది.

"అయ్య నిన్న నీకు తెలీకుండా ఫోను సేసినాడు. కొట్టు పని సంగతి సెప్పినాడు. నువ్వు అన్నం తిన్నేదని సెప్పినాడు. వచ్చేస్తానమ్మా. సోమవారమే కదా. ఇక్కడోల్లకి కూడా సెప్పీసినాను."

"మరి నన్ను నీల్లలోకి ఎందుకు దింపినావు?"

"ఎల్లిపోయేముందు నీకు ఒకపాలి సూపిద్దామని."

బయట మళ్ళీ హారను. గురువమ్మ చీర అంచునించి నీళ్ళు నేలమీద కారుతున్నాయి. మంచం మీద వంగి తాడు ముడి పళ్ళతో పట్టి లాగింది, వల ముడులు విప్పిన పళ్ళు, ఆ ముడి ఎంత. దుప్పటి తీసి పరిచింది. జిప్పు లాగింది. ఒక్కొక్క చొక్కా తీసి, దులిపి, మేకులకి తగిలించింది. దువ్వెన కిటికీలో పెట్టింది. నారింజ జాకెట్టు నేలమీద ఉంటే తీసి తలుపు వెనక వేలాడేసింది. అమ్మణ్ణి కదలకుండా చూస్తోంది. "ఇక్కడోల్లకి మల్లీ సెప్పు," అంది గురువమ్మ, "మా యమ్మకి బుర్ర తిరిగింది, నాను ఎల్లట్లేదు అని సెప్పు. జగ్గన్నకి నాను సెప్పుకుంటాను." అప్పుడు ఆ పిల్ల వచ్చి, తనూ తడిబట్టల్లోనే వచ్చి, తడి తల్లిని మొత్తంగా పట్టుకుంది.

బస్సు దగ్గర అందరూ ఎక్కేశారు. కాశయ్య మెట్టు మీద నిలబడి, చెయ్యి ఊపుతూ, రా అంటున్నాడు. గురువమ్మ కూతురి ట్రాకుప్యాంటు మీద కూతురి చొక్కా వేసుకుని, అది పొట్ట దగ్గర బిగుసుకుపోతుంటే లాక్కుంటూ వచ్చింది. కిటికీలన్నింట్లోంచి ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఈలలు వేశారు. ఆమె బస్సు ఎక్కలేదు.

"నాను ఉండిపోతాను. బుదారం వస్తాను."

"బుదారమా! నాకు కూడెవులు ఎడతారే?"

"సవుద్రానికి కంచం సూపించినావు కదా, దాన్నే అడుగు."

బస్సులో నవ్వులు పేలాయి. కాశయ్య కూడా నవ్వాడు, నవ్వి, భార్యని పైనించి కిందిదాకా, ఆ ట్రాకుప్యాంటునీ, ఆ విడిపోయిన తడి జుట్టునీ చూసి, "బాగున్నావే," అన్నాడు, మెల్లగా, ఎవరికీ వినపడకుండా. బస్సు మలుపు తిరిగి చెట్లలోకి పోయింది. దుమ్ము అణిగింది. చెరువు మీద ఎండ పడమటి కొండ వైపు జరిగి, నీళ్ళు సగం బంగారంగా, సగం నల్లగా ఉన్నాయి. తల్లీకూతుళ్ళు ఒడ్డున నిలబడ్డారు. గురువమ్మ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఆ అవతల ఒడ్డుకి ఎంతసేపు పడతాదే, ఈదితే?"

"నాకా? కాసేపు. నీకా?" అమ్మణ్ణి లెక్కగట్టినట్టు తల వంచింది. "రేపు మొదలెడితే వచ్చే చలికాలానికి."

"అయితే పెందలాడే లేపు," అంది గురువమ్మ.